కంబదూరుకు నేను తెప్పించిన వరద

కంబదూరుకు వరద తెప్పించిన మనిషిని నేను. నవ్వకండి. సర్కారు ముద్ర పడిన కాగితం సాక్ష్యంగా చాలా ఏండ్లు దాచుకున్నాను. ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. మా అనంతపురం సంగతి మీకు తెలుసు కదా, మబ్బు కనిపిస్తే జనం వీధిలోకి వచ్చి చూసే ఊర్లు. అట్లాంటి చోట ఒక చుక్క వాన లేకుండా వరద తెప్పించినాను!

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా పెన్షనర్ల సంఘంలో కంప్యూటర్ క్లాసు పెట్టినారు. ఒక చిన్నమ్మాయి వచ్చి ఓపికగా చెప్తాంది. "తాతగారూ, మనం లోపలికి ఇచ్చేది ఇన్‌పుట్. అది బయటికి ఇచ్చేది ఔట్‌పుట్. గుర్తు పెట్టుకునేది మెమరీ." నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న రిటైర్డ్ హెడ్మాస్టరు మోచేత్తో పొడిచి, "ఏమప్పా, ఆ యమ్మ ఏమనుకుంటాది?" అన్నాడు. టీ తాగేటప్పుడు అందరూ పట్టుకున్నారు, నవ్వు సంగతి చెప్పి తీరాలని. చెప్పినాను. మీకూ చెప్తాను.

అరవైల నాటి మాట. నేను బి.ఏ. ఎకనామిక్స్. ఆ రోజుల్లో బి.ఏ. అంటే ఊర్లో కుక్కలు కూడా మొరిగేవి కావు. మా అమ్మ నా పట్టాను అద్దం కట్టించి దేవుడి పటాల వరసలో తగిలించింది, రోజూ దానికీ ఒక పువ్వు పెట్టేది. సరే, అది వేరే కథ. అనంతపురంలో ఒక చిన్న ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. జిల్లాలో అక్కడక్కడా రెయిన్‌గేజీలు ఉంటాయి, అంటే వాన నీళ్ళు పట్టి కొలిచే పాత్రలు. వాటి లెక్కలు నెలనెలా మాకు వస్తాయి. మేము రిజిస్టర్లో రాస్తాము. కరువు కాలంలో అంత హాయైన ఉద్యోగం ఇంకోటి లేదు. 'నిల్', 'నిల్', 'నిల్' అని రాసుకుంటూ పోవడమే.

ఆ ఏడు మరీ ఘోరం. కంబదూరు మా సొంత ఊరు. మా నాయన ఆడ రెండెద్దులతో సేద్యం చేసేవాడు. కయ్యిలో, అంటే మా చేలో, వేరుశనగ విత్తితే మొలక కూడా రాలేదు. ఇంటి కప్పు మీది బోద గడ్డి కూడా పీకి ఎద్దులకు వేసినాడు. బస్సు కండక్టరు చేత నాకు కబురు పంపినాడు: "సర్కారోళ్ళు గడ్డి డిపోలు పెడతారంట. మనూరికి వస్తాదో రాదో నీకు తెలుస్తాది కదా, ఆఫీసులో ఉండావు. రాదంటే చెప్పు, ఆషాఢం సంతకు తోలుకపోతా. మన కళ్ళ ముందర చచ్చేదానికన్నా అదే మేలు."

సంతకు తోలడమంటే ఆ ఏడు కొనేవాడు రైతు కాదు, కసాయివాడు. ఆ రెండెద్దులనూ దూడలప్పటి నుంచి సాకింది మా నాయన. ఒకదాని పేరు రాముడు, ఇంకోదాని పేరు కూడా రాముడే. ఎందుకని అడిగితే, "ఒకటి పిలిస్తే రెండూ వస్తాయి" అనేవాడు.

డిపో సంగతి తేలేది హైదరాబాదులో. ఆ ఏడు కొత్తగా ఏం చేసినారంటే, ఏ ఊర్లో ఎంత వాన పడిందో కంప్యూటర్‌తో లెక్క కట్టించి, అన్నిటికంటే తక్కువ పడిన ఊర్లకు ముందు డిపోలు ఇస్తామన్నారు. దానికి మా లెక్కలన్నీ కార్డుల మీదికి ఎక్కించాల. ఆ పని నేర్చుకురమ్మని ఆఫీసు నుంచి నన్ను పది రోజులు హైదరాబాదుకు పంపినారు. ఇంగ్లీషు మాట్లాడగలిగేది నేనొక్కణ్ణే అని.

కంప్యూటర్‌ను చూసినాను. బీరువాలన్నీ వరసగా నిలబెట్టినట్టు ఉంటుంది. గది నిండా చల్లగాలి. మే నెలలో నేను వణికినాను! మనుషులకు ఫ్యాను లేని కాలంలో ఇనుప బీరువాలకు చల్లగాలి. మా ఎద్దులను తెచ్చి ఆ గదిలో కట్టేస్తే ఎంత బాగుంటుందో అనిపించింది. పది రోజుల్లో నేను నేర్చుకున్నది నిజానికి చెంచాడు. తిరిగి వచ్చేటప్పటికి అది బకెట్ అయిపోయింది, రైల్లో కనపడిన వాళ్ళకంతా చెప్తా వచ్చినాను కాబట్టి.

మా హెడ్ గుమాస్తా సుబ్బరాయుడు గారు. ముప్పై ఏండ్ల సర్వీసు. కోటు, పంచె, చెవి వెనక పెన్సిలు. వచ్చీ రాగానే అన్నాడు, "ఏమప్పా రామాంజీ, ఏం నేర్చుకోనొస్తివో అందరికీ చెప్పు. సర్కారు దుడ్లతో పోయొచ్చినావు."

క్లాసు పెట్టినాను. ఆఫీసంతా వచ్చింది, అంటే ఆరుగురు. అటెండరు ఖాసిం సాబ్ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. మా వాళ్ళకు తెలిసిన దానితో చెప్పాలని గానుగతో మొదలుపెట్టినాను.

"కంప్యూటర్ అంటే గానుగ అనుకోండి. మనం పోసే వేరుశనగ విత్తనాలు డేటా. అవి లోపలికి పొయ్యడం ఇన్‌పుట్. బయటికి వచ్చే నూనె ఔట్‌పుట్."

"చెక్క?" అన్నాడు రాయుడు గారు. చెక్క అంటే నూనె తీసినాక మిగిలే పిండి.

"చెక్క... అది కూడా ఔట్‌పుటే సార్."

"ఎద్దు యాడుండాది ఇందులో?"

"కరెంటే సార్ ఎద్దు."

"మెమరీ అంటా ఉంటివే నిన్న?"

"పోసిన విత్తనాలను కాసేపు ఉంచుకునే గంప. ఎంత పెద్ద గంప ఉంటే అంత పెద్ద మిషను. ప్రోగ్రామ్ అంటే గానుగోడికి రాసిచ్చిన చీటీ. ఇన్ని విత్తనాలు పొయ్యి, ఇన్ని చుట్లు తిప్పు, నూనె దించు. చీటీలో లేని పని ఒక్కటి కూడా చెయ్యదు."

"మా బామ్మర్దిని ఆడ పెట్టాల," అన్నాడు ఎవరో. "చీటీలో ఉండే పని కూడా చెయ్యడు."

తర్వాత కార్డు చూపించినాను. పోస్టుకార్డు కన్నా కొంచెం పొడుగు, గట్టి అట్ట. దాని మీద నిలువు గళ్ళు, ప్రతి గడిలో పై నుంచి కిందికి సున్నా మొదలు తొమ్మిది దాకా అంకెలు. ఏ అంకె కావాలో దాని మీద చిల్లు పొడవాల. ఊరి నంబరు, నెల, ఏడు, చిట్టచివర కుడి పక్కన రెండు గళ్ళలో ఎన్ని అంగుళాల వాన. వాన పడకుంటే ఆ రెండు గళ్ళలో చిల్లు పొడిచే పనే లేదు, ఖాళీగా వదిలెయ్యడమే. ఎడమ పక్క పై మూల కొంచెం కోసి ఉంటుంది. కార్డులు దొంతి పెట్టినప్పుడు ఒక్కటి తిరగబడినా ఆ మూల చూస్తే తెలిసిపోతుంది.

"మిషనుకు ఇంగ్లీషు రాదు, తెలుగు రాదు. చిల్లు ఒక్కటే కనపడుతుంది," అన్నాను చెయ్యి ఊపుతూ. "మనిషి తప్పు చేస్తాడు. మిషను తప్పే చెయ్యదు!"

ఖాసిం సాబ్ రెండు చేతులూ ఎత్తి, "అల్లా మాదిరి ఉండాది సార్" అన్నాడు. క్లాసు ముగిసింది. ఆ పొద్దు నేను ఇంటికి నడిచి పోలేదు, తేలుతా పోయినాను.

ఇరవై రోజులు కూర్చొని కార్డులు పొడిచినాను. టైపు మిషను లాంటి చిన్న మిషను ఇచ్చి పంపినారు, మీట నొక్కితే టక్కుమని చిల్లు. రెండు చెప్పుల డబ్బాల నిండా కార్డులు. కంబదూరు కార్డులు నేను మరీ ప్రేమగా పొడిచినాను. పన్నెండు నెలలు, పన్నెండు కార్డులు, ఒక్కదాంట్లో కూడా వాన చిల్లు లేదు. డిపో రాక ఎక్కడికి పోతుంది? "ఎద్దులను అమ్మొద్దు నాయనా, మనూరు మొదట్లోనే ఉంటాది" అని కార్డు రాసి పడేసినాను. పోస్టుకార్డు లెండి.

డబ్బాలు కట్టే పూట రాయుడు గారు వచ్చి చూసి, మొహం నల్లగా చేసుకున్నాడు.

"ఏమిదప్పా? విడి కాయితాలా? ట్యాగు యాడ?"

సర్కారు ఆఫీసులో పని చేసినవాళ్ళకు ఇది చెప్పనవసరం లేదు. మిగతావాళ్ళకు చెప్తాను. ఆ రోజుల్లో ఏ కాగితమైనా ఎడమ పక్క పై మూలన చిల్లు కొట్టి, రెండు కొసలకు రేకు ఉన్న దారం ముక్క దూర్చి ముడి వేసేవాళ్ళం. దాని పేరే ట్యాగు. ట్యాగు లేని కాగితం, తాళి లేని పెండ్లి ఒకటే రాయుడు గారికి. ఆయన కూతురి పెండ్లి శుభలేఖల్ని కూడా పదేసి లెక్కన ట్యాగు వేసి పంచినాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. నేను చూడలేదు గానీ నమ్ముతాను.

"సార్, ఇవి మిషనులోకి పోయేవి" అన్నాను.

"యాడికన్నా పోనీ. మన ఆఫీసు నుంచి పోతాండాయి కదా! దోవలో ఒక కార్డు జారిపడితే ఎవరు జవాబు చెప్పాల? ముప్పై ఏండ్ల నా సర్వీసులో విడి కాయితం ఒక్కటి గడప దాటలేదు."

అప్పుడైనా నేను గట్టిగా కుదరదని చెప్పి ఉండాల్సింది. కానీ ఆయన మాట నాకు సబబుగానే తోచింది! ఒక్క కంబదూరు కార్డు జారిపడితే నా గతి ఏమి? కాగితాలకు చిల్లు కొట్టే పంచ్ తీసుకున్నాను. ఎడమ పై మూల చూస్తే కోసి ఉంది. చిల్లు కొట్టే చోటు లేదు.

"చోటు లేదే" అన్నాడు రాయుడు గారు దిగులుగా.

అప్పుడు పని చేసింది చూడండి నా బి.ఏ. బుర్ర! "సార్, దానికేముంది? కార్డును తలకిందులు చేస్తే సరి!" అన్నాను. తలకిందులు చేసినాను. మంచి నిండు మూల ఎడమ చేతి పైకి వచ్చింది. పంచ్ పెట్టి కటక్! యాభై యాభై కార్డుల లెక్కన పచ్చ దారం వేసి కట్టినాను. రాయుడు గారు నా వీపు తట్టి, "చదువు చదువే అప్పా" అన్నాడు.

నెల తిరిగేలోపల హైదరాబాదు నుంచి పెద్ద కవరు వచ్చింది. రాయుడు గారు విప్పి చదివినాడు. కండ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్ళీ చదివినాడు.

"రామాంజీ, మీ కంబదూరులో వాన పడిందా?"

"లేదు సార్."

"కనుక్కో. ఈడ వరద అని రాసుండాది."

కాగితం లాక్కున్నాను. జిల్లాలో అన్నిటికంటే ఎక్కువ వాన పడిన చోటు కంబదూరు! నెలకు తొంభై తొమ్మిది అంగుళాలు, ఏడాది పొడుగునా, ఒక్క నెల కూడా తెరిపి లేకుండా! దాని తర్వాత రాయదుర్గం. ఈ ఊర్లకు గడ్డి డిపోలు అక్కరలేదని తేలింది. దాని బదులు కింద చెప్పిన జాగ్రత్తలు తీసుకోవాలని రాసి ఉంది: పల్లపు ప్రాంతాల జనాన్ని మిట్టకు తరలించడం, ఇసుక బస్తాలు, పడవలు సిద్ధం చెయ్యడం.

పడవలు! కంబదూరులో చాలామంది పడవను బొమ్మలో కూడా చూసి ఉండరు.

కవరుతో పాటు పది, పన్నెండు కార్డులు కూడా తిప్పి పంపినారు, 'తప్పు కార్డులు' అని. అవి ఏవో తెలుసా? జిల్లాలో నిజంగా నాలుగు చుక్కలు పడిన నెలలవి!

నేను లేచి నిలబడి అరిచినాను. "ఇది హైదరాబాదువాళ్ళ తప్పు సార్! ఎవడో మన కార్డులు మార్చేసినాడు!"

"మిషను తప్పే చెయ్యదంటివే?"

"మిషను చెయ్యదు సార్. దాని దగ్గరుండే మనిషి చేసినాడు. బుద్ధి లేనోడు. చదువు లేనోడు. ఎవడో కనుక్కొని సస్పెండ్ చెయ్యాల!"

"రాయి మరి. ఘాటుగా రాయి," అన్నాడు రాయుడు గారు. ఆయనకూ రోషం వచ్చింది. నేను కాగితం తీసుకొని ఇంగ్లీషులో ఘాటుగా మొదలుపెట్టినాను. బాధ్యతారహితుడు, అజ్ఞాని, ఇట్లా నాలుగు మంచి మాటలు పడినాయి.

ఖాసిం సాబ్ అప్పటికే టీ గ్లాసులు పెట్టి, తిరిగొచ్చిన కార్డొకటి కిటికీ వెలుగుకు పట్టుకొని చూస్తా ఉన్నాడు.

"రామాంజి సార్, ఒక మాట అడగనా? మిషనుకు బొక్క తప్ప ఏమీ కనపడదని మీరే చెప్తిరి కదా."

"అవును ఖాసిమన్నా, ఇప్పుడు కాదు."

"మరి ఈ దారం బొక్క కూడా కనపడుంటాది కదా సార్? ఇది మీ బొక్క, ఇది ట్యాగు బొక్క అని దానికెవరు చెప్తారు?"

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. కార్డు తీసుకొని చూసినాను. తలకిందులు చేసి కొట్టిన చిల్లు, కార్డును నేరుగా తిప్పితే ఎక్కడికి వస్తుంది? కుడి పక్క కింది మూలకు. కుడి పక్క చివర ఏముంటాయి? వాన గళ్ళు. గడిలో అన్నిటికన్నా కింద ఉండే అంకె ఏది? తొమ్మిది. ట్యాగు చిల్లు లావుది కదా, రెండు గళ్ళనూ కలిపి తినేసింది. తొమ్మిది, తొమ్మిది. తొంభై తొమ్మిది!

వాన పడని కార్డుల్లో ఆ గళ్ళు ఖాళీ కాబట్టి మిషను నా చిల్లునే వాన అనుకుంది. వాన పడిన కార్డుల్లో ముందే ఒక చిల్లు ఉంది కాబట్టి, ఒకే గడిలో రెండు అంకెలేమని వాటిని అవతల పారేసింది. అంటే ఏ ఊర్లో ఎంత కరువు ఉంటే అంత వరద. మా నాయన ఊరిని నా చేత్తో నేనే ముంచినాను, పన్నెండు నెలలూ.

"ఏమయిందప్పా?" అన్నాడు రాయుడు గారు.

చెప్పినాను. ఆయన కార్డును తలకిందులు చేసి, మళ్ళీ నేరుగా తిప్పి చూసినాడు. తర్వాత మెల్లగా, "ట్యాగు వెయ్యమంది నేను. తలకిందులు చేసింది నువ్వు" అన్నాడు. నేను రాసిన ఘాటు కాగితం తీసుకొని చదివినాడు. "బుద్ధి లేనోడు, చదువు లేనోడు... పేరు ఒక్కటే రాయల్యా. రాసుకో."

సంతకు పన్నెండు రోజులుంది. నాయనకు ముందే రాసిన కార్డును నమ్ముకొని ఆయన ఎద్దులను ఉంచినాడా, అమ్మడానికి సిద్ధపడినాడా తెలియదు. అన్ని కార్డులూ మళ్ళీ పొడవాల. పోయినసారి ఇరవై రోజులు పట్టిన పనిని ఆరు రోజుల్లో చేసినాము. రాయుడు గారు కోటు విప్పి రిజిస్టరు చదివినాడు. ఆయన కోటు విప్పగా ఆఫీసులో ఎవరూ అంతకుముందు చూడలేదు. నేను పొడిచినాను. ఖాసిం సాబ్ ప్రతి కార్డునూ వెలుగుకు పట్టి, "వాన లేదు, వాన లేదు" అని ఒక్కొక్కటే డబ్బాలో వేసినాడు.

ఆఖరున రాయుడు గారు విడి కార్డులను చూసి, మింగలేక కక్కలేక, ఒక చిన్న లెటరు రాసి డబ్బాకు అంటించినాడు: 'తప్పనిసరి కారణాల వల్ల ఇందులోని కాగితాలకు ట్యాగు వెయ్యబడలేదు. మన్నించగలరు.' ఆ లెటరుకు మాత్రం ట్యాగు వేసినాడు.

డబ్బాలను ఒళ్ళో పెట్టుకొని గుంతకల్లు మీదుగా హైదరాబాదు పోయినాను. ఒక్క కునుకు తియ్యలేదు. అక్కడి ఆఫీసరు ముందు నిలబడి, "సార్, ఆ వరద నేను చేసిందే" అని ఒప్పుకున్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏం చదివినావు?" అన్నాడు. "ఇంటర్ ఫెయిల్ సార్" అన్నాను. బి.ఏ. అనడానికి నోరు రాలేదు.

కార్డులు మళ్ళీ మిషనులోకి పోయినాయి. ఈసారి కంబదూరు అన్నిటికన్నా కిందికి దిగింది, అంటే డిపోల వరసలో అన్నిటికన్నా పైకి వచ్చింది. సంతకు ముందు రోజు మధ్యాహ్నం మా ఊరికి రెండు లారీల గడ్డి దిగింది. రాయుడు గారు స్వయంగా చూస్తానని నాతో బస్సెక్కి వచ్చినాడు. మేము పోయేటప్పటికి మా నాయన రెండు రాముళ్ళనూ పట్టుకొని డిపో ముందర నిలబడి ఉన్నాడు. ఎద్దుల మెడలకు కొత్త పలుపులు. సంతకు తోలడానికని కొన్నవే. నేను పోయి రాముళ్ళ మెడలు నిమురుతా నిలబడినాను.

వరద సంగతి నేను ఎత్తకపోతే ఏం, రాయుడు గారు ఉన్నాడు కదా! వరసలో నిలబడిన ఊరి జనం ముందర కథంతా పూస గుచ్చినట్టు చెప్పినాడు. గానుగ, చీటీ, చిల్లు, వరద, పడవలు, ఒక్కటి వదలకుండా. తలకిందులు చేసింది ఎవరో రెండుసార్లు చెప్పినాడు.

మా నాయన అంతా విన్నాడు. తలపాగా సర్దుకున్నాడు. నా పక్కకు తిరిగి నింపాదిగా అడిగినాడు:

"ఏమిరా, అట్టకు బొక్క పెడితే తొంభై తొమ్మిది అంగుళాల వాన పడతాదా?"

"కాయితం మీద పడతాది నాయనా."

"కాయితం మీద పడేదాన్ని కయ్యి మీద పడేట్టు చేసేది నేర్పల్యా వాళ్ళు, పది దినాలు పెట్టుకోని?"

"లేదు నాయనా."

"మరి ఏం నేర్చుకోనొస్తివిరా, సగం చదువు!"

ఊరంతా ఒక్కసారి గొల్లుమంది. రాయుడు గారైతే కోటు జేబులోంచి గుడ్డ తీసి కండ్లు తుడుచుకున్నాడు. ఆ పొద్దు కంబదూరులో నన్ను చూసి నవ్వనివి రెండే ప్రాణులు, మా రాముళ్ళు. వాటికి తీరిక లేదు. నోటి నిండా గడ్డి ఉంది.